ఉస్మానియా విశ్వవిద్యాలయం – మనం తీర్చవలసిన బాకీ

ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని గురించి మన నగరంలో రెండు కథలు వినిపిస్తాయి. ముషాయిరాలలోను, ఉర్దూ పత్రికల ప్రత్యేక సంచికలలోను వినిపించే కథలో అది ఉర్దూ భాషకు స్వర్ణయుగం తెచ్చిన జామియా. ఆ యుగం 1948తో ముగిసినది, తరువాత మిగిలినది జ్ఞాపకమే. తెలుగు సభలలో వినిపించే కథలో అది ప్రజల భాషను కాదని పాలకుల భాషను నెత్తిన రుద్దిన విద్యాలయం; 1948 తరువాతనే దానికి విముక్తి లభించినది. ఈ రెండు కథలు చెప్పేవారు ఒకే వీధిలో నివసిస్తారు, ఒకే బస్సులో ప్రయాణిస్తారు, కాని ఒకరి కథను మరొకరు వినరు. ఉర్దూ, తెలుగు రెండూ బోధించే మన కళాశాలలో ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడవలసిన అవసరం ఉన్నదని నా అభిప్రాయం. అట్లా చూచినప్పుడు మూడవ మాట ఒకటి తేలుతుంది. ఆ విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పిన సూత్రం సరియైనది. దానిని ఒక్క భాషకే పరిమితం చేయడం తప్పు. ఆ తప్పును దిద్దే పేరుతో సూత్రాన్నే విడిచిపెట్టడం అంతకంటె పెద్ద తప్పు.

చరిత్రను క్లుప్తంగా గుర్తు చేసుకొందాం. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో హైదరాబాదు సంస్థానంలో ఉన్నత విద్య అంటే ప్రధానంగా 1887లో ఏర్పడిన నిజాం కళాశాల. అది మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధమైనది. అక్కడి బోధన ఆంగ్లంలో. 1917లో సంస్థాన ప్రభుత్వ కార్యదర్శులలో ఒకరైన అక్బర్ హైదరీ ఒక విజ్ఞాపన పత్రం సమర్పించారు. పరాయి భాషలో చదువు చెప్పడం వల్ల విద్యార్థి శక్తి అంతా మాటలను కంఠస్థం చేయడంలో ఖర్చయిపోతున్నదని, స్వతంత్రంగా ఆలోచించే గుణం నశిస్తున్నదని, చదువుకొన్నవారికి సామాన్య జనానికి మధ్య అగాధం ఏర్పడుతున్నదని ఆయన వాదన. ఆ సంవత్సరం ఏప్రిల్ 26న ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా జారీ చేశారు. 1919 ఆగస్టులో గన్‌ఫౌండ్రీ ప్రాంతంలోని అద్దె భవనాలలో తరగతులు మొదలైనాయి. తొలి ఏడాది చేరిన విద్యార్థులు 225 మంది. అధ్యాపకులు 25 మంది. ఒక భారతీయ భాషను ఉన్నత విద్యకు బోధన మాధ్యమంగా స్వీకరించిన మొదటి విశ్వవిద్యాలయం ఈ విధంగా ఇద్దరు ముగ్గురు అధికారుల ఆలోచనతో, అద్దె ఇళ్లలో పుట్టినది.

తరగతులు మొదలు కావడానికి ముందే మరొక పని మొదలైనది. అదే దారుత్తర్జుమా, అనగా అనువాద సంస్థ. పుస్తకాలు లేకుండా పాఠం లేదు. ఉర్దూలో కవిత్వం ఉన్నది కాని రసాయన శాస్త్రం లేదు, భౌతిక శాస్త్రం లేదు, ఐరోపా చరిత్ర లేదు. కనుక 1917లోనే ఈ సంస్థను ఏర్పరచి, తరువాతి కాలంలో బాబా-ఎ-ఉర్దూగా ప్రసిద్ధుడైన మౌల్వీ అబ్దుల్ హఖ్‌కు దాని బాధ్యత అప్పగించారు. అబ్దుల్ మాజిద్ దర్యాబాదీ, నజ్మ్ తబాతబాయి, మీర్జా హాదీ రుస్వా, జోష్ మలీహాబాదీ వంటివారు వేర్వేరు కాలాలలో అక్కడ పనిచేశారు. నవలాకారుడు, కవి, తత్త్వవేత్త ఒకే కప్పు కింద కూర్చుండి పాఠ్యపుస్తకాలు అనువదించిన దృశ్యం మన దేశ విద్యాచరిత్రలో అరుదు. ఆ సంస్థ మూడు వందలకు పైగా గ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చినది. చరిత్ర, తత్త్వం, గణితం, న్యాయం, వైద్యం, ఇంజనీరింగు, దాదాపు ప్రతి శాస్త్రంలోను వారి కృషి కనిపిస్తుంది.

పుస్తకం అనువదించడం కంటె కష్టమైనది మాటను తయారు చేయడం. పారిభాషిక పదాలను ఉర్దూలో ఇస్తిలాహాత్ అంటారు. వీటిని అరబ్బీ వ్యాకరణం ప్రకారం కట్టాలా, ఉర్దూ భాష సహజ స్వభావాన్ని బట్టి కట్టాలా అని పండితుల మధ్య తీవ్రమైన చర్చ నడిచినది. ఉర్దూ ఆచార్యులుగా ఉన్న వహీదుద్దీన్ సలీం ఈ విషయం మీదనే 1921లో ‘వజ్-ఎ-ఇస్తిలాహాత్’ అనే గ్రంథం వ్రాశారు. ఆయన రెండవ పక్షం. మాట ఎక్కడి ధాతువు నుంచి వచ్చినా సరే, మాట్లాడేవారి నాలుకకు లొంగాలి అన్నది ఆయన అభిప్రాయ సారాంశం. సరిగ్గా ఇదే చర్చ తెలుగులోను జరిగినది. శాస్త్ర పదాలకు సంస్కృత సమాసాలు వాడాలా, వాడుక మాటలు తీసుకోవాలా, ఆంగ్ల పదాన్నే ఉంచాలా అని మన పెద్దలు దశాబ్దాల తరబడి వాదించుకొన్నారు. వృక్షశాస్త్రాన్ని ఉర్దూలో నబాతియాత్ అంటారు, అర్థశాస్త్రాన్ని మఆషియాత్ అంటారు, మనస్తత్వ శాస్త్రాన్ని నఫ్సియాత్ అంటారు. ఒకదానికి మూలం అరబ్బీ, మరొకదానికి సంస్కృతం. ఎదుర్కొన్న సమస్య మాత్రం ఒక్కటే. ఒకే నగరంలో రెండు భాషల పండితులు ఒకే చిక్కుముడిని విడివిడిగా విప్పుకొంటూ కూర్చున్నారన్న మాట.

భారతీయ భాషలో శాస్త్రం బోధిస్తే విద్యార్థి బావిలో కప్ప అవుతాడన్న భయం ఆనాడూ ఉన్నది, ఈనాడూ ఉన్నది. ఉస్మానియా దానికి ఆచరణలో సమాధానం చెప్పినది. అక్కడ ఆంగ్లం మొదటి నుంచి తప్పనిసరి పాఠ్యాంశం. బోధన ఉర్దూలో, ఆంగ్లం ఒక భాషగా అందరూ నేర్వవలసినదే. ఈ పద్ధతిలో చదువుకొన్న రజీయుద్దీన్ సిద్దీఖీ కేంబ్రిడ్జికి వెళ్లి గణిత శాస్త్రజ్ఞుడుగా పేరు తెచ్చుకొన్నారు. ముహమ్మద్ హమీదుల్లా ఇస్లామీయ విద్యలలో ప్రపంచ ప్రసిద్ధుడై ఖురాన్‌ను ఫ్రెంచి భాషలోనికి అనువదించారు. నగరంలో అప్పటికే ఉన్న నిజామియా వేధశాల 1919లో విశ్వవిద్యాలయం కిందికి వచ్చినది. ఆకాశ పటం తయారు చేసే అంతర్జాతీయ కృషిలో ఆ వేధశాల పాల్గొన్నది. వైద్యం, న్యాయం, 1929లో మొదలైన ఇంజనీరింగు కళాశాల, అన్నింటిలోను పాఠం ఉర్దూలోనే. ఇంటి భాషలో చదివినవాడు బయటి ప్రపంచానికి పనికిరాడన్న మాట నిజం కాదని ఈ ఉదాహరణలు చెబుతున్నాయి.

ఇక రెండవ కథలోని సత్యాన్ని కూడ అంతే నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. ఈ మాట మనం, అనగా ముస్లిములం, చెప్పడంలో ఒక ఔచిత్యం ఉన్నది. హైదరాబాదు సంస్థానంలో ఉర్దూ ఇంటి భాషగా గలవారు కొద్దిమంది. తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడేవారే అత్యధికులు. పరాయి భాషలో చదువు కూడదన్న హైదరీ వాదన ఎంత గొప్పదో, ఆ వాదన పాలమూరు పల్లె నుంచి వచ్చిన తెలుగు పిల్లవాడికి, ఔరంగాబాదు మరాఠీ పిల్లవాడికి వర్తించకపోవడం అంత విచారకరం. వారికి ఉర్దూ కూడ నేర్చుకోవలసిన భాషే. కంఠస్థం చేయడంలో శక్తి ఖర్చయిపోవడం వారి విషయంలో అట్లాగే మిగిలినది. 1921 నవంబరులో హైదరాబాదులో మహర్షి కార్వే అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించబోతే సభలో కొందరు గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టినది. రాజధాని నగరంలో తెలుగు మాట్లాడడానికి సిగ్గుపడవలసిన స్థితి ఉండెనని ఈ ఒక్క సంఘటన చెబుతుంది.

1938లో ఉస్మానియా వసతిగృహాలలో వందేమాతరం గీతం పాడినందుకు విద్యార్థులను బహిష్కరించారు. ఆ ఉద్యమంలో చదువు కోల్పోయినవారిలో అనేకులను నాగపూరు విశ్వవిద్యాలయం చేర్చుకొన్నది. తరువాత దేశ ప్రధాని అయిన పి.వి. నరసింహారావు ఆ తరం వారే, నాగపూరులో చదువుకొన్నవారే. ప్రార్థన విషయంలో భేదాలు ఉండవచ్చును; నమాజుకు అనుమతి ఇచ్చి మరొకరి గీతాన్ని నిషేధించిన విద్యాలయం తన గుమ్మాన్ని తానే ఇరుకు చేసుకొన్నది. జామియా అన్న మాటకే అందరినీ చేర్చుకొనేది అని అర్థం. ఆ అర్థానికి అది పూర్తిగా తూగలేదని అంగీకరించడం వల్ల ఉర్దూకు అగౌరవం ఏమీ లేదు.

అయినా గోడలు ఎంత గట్టివైనా విద్య వాటిలో సందులు వెదకుకొంటుంది. ఉర్దూ విశ్వవిద్యాలయంలో తొలి తెలుగు ఆచార్యులుగా ఉన్నది భావకవిత్వానికి దారి తీసిన రాయప్రోలు సుబ్బారావు. జానపద గేయాలను మొదటిసారి విశ్వవిద్యాలయ పరిశోధనకు ఎక్కించిన బిరుదురాజు రామరాజు ఆ శాఖలోని వారే. ఉర్దూ మాధ్యమంలో చదువుకొన్న సి. నారాయణరెడ్డి అదే విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులై, 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం అందుకొన్నారు; ఆయన గజళ్లలోని నడక ఎక్కడిదో చెప్పనక్కరలేదు. నిజాం పాలనను ఎదిరించి నిజామాబాదు జైలులో గడిపిన దాశరథి కూడ ఉస్మానియా పట్టభద్రుడే. పాలకుని మీద ఆగ్రహాన్ని ఆయన భాష మీద చూపలేదు. గాలిబును తెలుగువారి ఇంటికి తెచ్చిపెట్టారు. మెదక్ జిల్లా పల్లె నుంచి వచ్చి ఉస్మానియాలో ఉర్దూ ఎం.ఏ. చదివిన మఖ్దూం మొహియుద్దీన్ అదే పాలనను ఉర్దూ కవిత్వంతో ఎదిరించారు; తెలంగాణ రైతు పోరాటంలో ఆయన పేరు తెలుగువారి పేర్ల సరసనే నిలిచినది. ఈ నలుగురైదుగురి జీవితాలు చాలు, ఆ రెండు కథలూ అసంపూర్ణాలని చెప్పడానికి.

1948 సెప్టెంబరు తరువాత సంస్థానం భారతదేశంలో విలీనమైనది. ఉస్మానియాలో ఉర్దూ స్థానంలో ఆంగ్లం బోధన భాష అయినది. ఆనాటి పరిస్థితులలో ఏదో ఒక మార్పు తప్పనిసరి. కాని ఏ మార్పు? తెలుగు పిల్లవాడికి అన్యాయం జరిగినదనుకొంటే, దారుత్తర్జుమా పక్కనే తెలుగుకు, మరాఠీకి, కన్నడానికి మరి మూడు అనువాద సంస్థలు తెరవవలసినది. మూడు దశాబ్దాలలో కూడబెట్టిన అనుభవం, అనువాద పద్ధతులు, పదాల పట్టికలు అక్కడ సిద్ధంగా ఉన్నాయి. అట్లా జరగలేదు. ఉర్దూ పిల్లవాడి చేతిలోని పుస్తకాన్ని తీసివేశాము. తెలుగు పిల్లవాడి చేతిలో తెలుగు పుస్తకం పెట్టలేదు. ఇద్దరికీ సమానంగా ఆంగ్ల పుస్తకం ఇచ్చి దానికి సమత్వం అని పేరు పెట్టాము. హైదరీ 1917లో చెప్పిన రోగం ఇద్దరికీ సమానంగా పంచబడినది.

తెలుగులో ఉన్నత విద్యకు పాఠ్యపుస్తకాలు తయారు చేయడానికి తెలుగు అకాడమి ఏర్పడినది 1968లో. అనగా ఉస్మానియాలో మాధ్యమం మారిన ఇరవై ఏళ్లకు. ఆ అకాడమి చేసిన సేవ చిన్నది కాదు. మన గ్రంథాలయంలోని తెలుగు శాస్త్ర గ్రంథాలలో అధిక భాగం దానివే. కాని ఇంజనీరింగు వంటి విద్యలకు ఆ కృషి చేరలేదు. 2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి కొన్ని భారతీయ భాషలలో ఇంజనీరింగు బోధనకు అనుమతి ఇచ్చినది. వాటిలో తెలుగు కూడ ఉన్నది. పత్రికలు దానిని సరికొత్త ప్రయోగమని వ్రాసినాయి. 1929లోనే ఒక భారతీయ భాషలో ఇంజనీరింగు పాఠం మొదలైన నగరంలో, తొంబది ఏళ్ల తరువాత అది కొత్త వార్త కావడం మన మరుపునకు కొలత.

ఈనాటి విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని చూచినా ఈ మాటే స్ఫురిస్తుంది. ఆర్ట్స్ కళాశాల భవనానికి 1934లో పునాదిరాయి వేశారు. 1939 డిసెంబరులో ప్రారంభోత్సవం జరిగినది. నమూనా గీసినది బెల్జియం దేశపు శిల్పి జాస్పర్. అంతకు ముందు జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు ఇంజనీర్లు దేశదేశాలు తిరిగి విశ్వవిద్యాలయ భవనాలను పరిశీలించి వచ్చారు. గులాబి వన్నె రాతితో కట్టిన ఆ భవనంలో స్తంభాలు ఎల్లోరా, అజంతా గుహలను గుర్తుకు తెస్తాయి. కమానులు ఇస్లామీయ శైలిలో లేస్తాయి. స్తంభం కమానును మోస్తున్నది. కమాను స్తంభానికి అందం ఇస్తున్నది. రాయికి తెలిసిన ఈ సహజీవనం పాఠ్యక్రమానికి తెలియలేదు. విశ్వవిద్యాలయ చిహ్నంలో నిజాం కిరీటం ఇప్పుడు లేదు; ఉర్దూ అక్షరం ఐన్ మాత్రం నిలిచి ఉన్నది, దాని తోడుగా చీకటి నుంచి వెలుగునకు నడిపించుమన్న ఉపనిషత్ ప్రార్థన ఉన్నది. పక్కనున్న రైల్వే స్టేషను పేరు ఈనాటికీ జామియా ఉస్మానియాయే.

ఆ ప్రాంగణంలో తెలుగు ఎం.ఏ. చదివినవాడిని కనుక అక్కడి విద్యార్థి జీవితం నాకు పరిచితం. జిల్లాల నుంచి రేకుపెట్టెతో వచ్చి ‘ఏ’ హాస్టలులోనో ‘బి’ హాస్టలులోనో మిత్రుని గదిలో తలదాచుకొని చదివేవారు, గ్రంథాలయంలో తలుపులు మూసేవరకు పోటీ పరీక్షల పుస్తకాల మీద వంగి ఉండేవారు, సాయంకాలం ఆర్ట్స్ కళాశాల మెట్ల మీద దేశ రాజకీయాలన్నిటికీ పరిష్కారం చెప్పేవారు అక్కడ ఎప్పుడూ ఉంటారు. 1952 ముల్కీ ఆందోళన, 1969 ఉద్యమం, 2009 నుంచి 2014 వరకు సాగిన రాష్ట్ర ఉద్యమం, అన్నిటికీ ఆ మెట్లు సాక్ష్యం. ఇక్కడ ఒక విశేషం గమనించాలి. ఆ మెట్ల మీద ఏ ఉపన్యాసమూ ఆంగ్లంలో రక్తి కట్టలేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు విద్యార్థి తన భాషలోనే మాట్లాడినాడు, పాడినాడు, వాదించినాడు. అదే విద్యార్థి పరీక్షహాలులో కూర్చున్నప్పుడు తనకు తెలిసిన విషయాన్ని కూడ తెలియని భాషలో వ్రాయలేక కలం నమలుతాడు. మెట్ల మీద ఉన్న మేధ హాలులోనికి రాగానే ఎక్కడికి పోతున్నది?

ఇప్పుడు మన కళాశాల సంగతికి వస్తాను. విద్యార్థి మిత్రులారా, మీలో చాలామంది ద్వితీయ భాషగా ఉర్దూను, తెలుగును విడిచి మార్కులు బాగా పడతాయని పేరు పడిన భాషలను ఎంచుకొంటున్నారు. తెలుగు ఇంటి పిల్లలు సంస్కృతం, ఉర్దూ ఇంటి పిల్లలు అరబ్బీ తీసుకోవడం మన రాష్ట్రంలోని కళాశాలలన్నిటా పెరిగిన అలవాటు. సంస్కృతం, అరబ్బీ మహత్తరమైన భాషలు. వాటి మీద ప్రేమతో చదివేవారికి నా నమస్కారం. కాని పరీక్షలో సమాధానం ఆంగ్లంలో వ్రాసే వీలు చూచుకొని, నాలుగు ప్రశ్నలు బట్టీ పట్టి, నూటికి తొంబది తెచ్చుకొని, ఏడాది తిరగకుండా అక్షరాలు కూడ మరచిపోయే చదువు ఆ భాషలకు గౌరవమా? ఆ విద్యార్థికి సంస్కృతమూ రాదు, తెలుగూ నిలవదు. అరబ్బీ రాదు, ఉర్దూ చదవలేడు. తాతగారి ఉత్తరం ఇంట్లో పెట్టెలో ఉంటుంది, చదివి చెప్పేవారు ఉండరు.

ఆంగ్లం లేకుండా ఉద్యోగం ఎక్కడ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు ఉస్మానియా చరిత్రలోనే ఉన్నది. ఆంగ్లాన్ని భాషగా శ్రద్ధగా నేర్చుకొనడం వేరు, అర్థం కాని ఆంగ్లంలో అన్ని పాఠాలూ మింగడం వేరు. రజీయుద్దీన్ సిద్దీఖీకి కేంబ్రిడ్జి ద్వారం తెరుచుకొన్నది గణితం అర్థమైనందువల్ల. అర్థమైనది తెలిసిన భాషలో నేర్చుకొన్నందువల్ల. మరి కొందరు, తెలుగు మాది కాదు అంటారు. ఇంకొందరు, ఉర్దూ మాకెందుకు అంటారు. తెలుగు ఎం.ఏ. చదివిన ముస్లింను కనుక ఈ రెండు పక్షాల ఆశ్చర్యమూ నాకు అలవాటే. ఇబ్రహీం కుతుబ్‌షా మల్కిభరాముడై అద్దంకి గంగాధరకవి చేత ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అంకితం పొందినాడు. పొన్నికంటి తెలగనార్యుడు తొలి అచ్చ తెలుగు కావ్యం ‘యయాతి చరిత్ర’ను అంకితమిచ్చినది అమీన్‌ఖానుకు. పిఠాపురం ఉమర్ అలీషా ఇంటి పీఠం సూఫీ పీఠం. ఆయన కవిత తెలుగు కవిత. ఖురాన్‌ను తెలుగులోనికి మొదట తెచ్చినది చిలుకూరి నారాయణరావు. ఇక తెలుగువారు రోజూ వాడే హాజరు, దరఖాస్తు, రసీదు, వకీలు, జిల్లా, కాగితం ఎక్కడివి? ఈ మాటలను ఏరివేస్తే మన కళాశాల ఆఫీసులో ఒక్క పనీ జరగదు. పల్లెలలో తెలుగే ఇంటి భాషగా గల ముస్లిములు లక్షలు. భాషకు మతం తొడిగినవారికి ఈ సంగతులు తెలియక కాదు, తలచుకోక.

మన వార్షిక సంచికను చూడండి. ఉర్దూ భాగం కుడి నుంచి, తెలుగు భాగం ఎడమ నుంచి మొదలై మధ్యలో కలుసుకొంటాయి. కలుసుకొనేది కాగితాలు మాత్రమే. ఇటు చదివేవారు అటు తిప్పరు, అటు చదివేవారు ఇటు తిప్పరు. ఈ కారణం చూపి, సంచికను ఇకమీదట ఆంగ్లంలో మాత్రమే వెలువరించడం మేలని, ముద్రణ సులువని, ఖర్చు తక్కువని సూచించేవారున్నారు. కమిటీ పెద్దలకు నా మనవి ఇది. 1948 తరువాత పెద్ద ఎత్తున జరిగిన పొరపాటును మనం చిన్న ఎత్తున మళ్లీ చేయవద్దు. రెండు భాషలవారు ఒకరినొకరు చదవడం లేదంటే దానికి మందు రెంటినీ తీసివేయడం కాదు, ఒకదానిని మరొకదానిలోనికి తీసుకొని రావడం.

ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. వచ్చే సంవత్సరం నుంచి ఉర్దూ భాగంలోని రెండు రచనలను తెలుగులోనికి, తెలుగు భాగంలోని రెండింటిని ఉర్దూలోనికి విద్యార్థుల చేతనే అనువదింపజేసి అచ్చు వేయవచ్చును. ఒక ఉర్దూ విద్యార్థి, ఒక తెలుగు విద్యార్థి ఒకే బల్ల దగ్గర కూర్చుంటే తప్ప ఈ పని సాగదు. అదే దీనిలోని లాభం. రెండవది, ప్రతి శాఖ తన శాస్త్రంలోని నూరు ముఖ్యమైన పదాలకు ఉర్దూ, తెలుగు, ఆంగ్ల రూపాలు వ్రాసి ఒక నోటుపుస్తకంగా సిద్ధం చేయవచ్చును. ఏడాదికి నూరు మాటలు చాలు. పదేళ్లకు అది ఒక చిన్న నిఘంటువు. మూడవది, మన విద్యార్థుల ఇళ్లలో, ముఖ్యంగా పాత ఇళ్ల అటకల మీద, దారుత్తర్జుమా పుస్తకాలు ఇంకా ఉన్నాయి. చదివేవారు లేక కొన్ని చెదలకు, కొన్ని తూకానికి పోతున్నాయి. వాటిని అడిగి తెచ్చి మన గ్రంథాలయంలో ఒక బీరువాలో భద్రపరచవలెను. నాలుగవది, వారానికి ఒక గంట తెలుగువారికి ఉర్దూ లిపి, ఉర్దూవారికి తెలుగు లిపి నేర్పవలెను. ఈ చివరి పనికి నా గంట నేను ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. ఉర్దూ శాఖలోని మా మిత్రులు కూడ కాదనరని నా నమ్మకం.

ఉస్మానియా శతాబ్ది ఉత్సవాలు 2017లో ఘనంగా జరిగినాయి. దీపాలంకరణలు జరిగినాయి, ఉపన్యాసాలు జరిగినాయి. అదే సంవత్సరంలో ఉర్దూ తెలంగాణ రాష్ట్రమంతటికీ ద్వితీయ అధికార భాషగా గుర్తింపు పొందినది. గౌరవాలు కాగితం మీద లభించినాయి. చదివేవారు మాత్రం తరగతి గదిలో తగ్గుతున్నారు. ప్రభుత్వం భాషకు హోదా ఇవ్వగలదు, పాఠకుణ్ణి ఇవ్వలేదు. పాఠకుడు మన బల్లల మీదనే తయారు కావాలి.

బాకీ అన్న మాట ఉర్దూ నుంచి వచ్చి తెలుగులో స్థిరపడినది. ఇచ్చిపుచ్చుకొనేవారి మధ్యనే బాకీ ఉంటుంది. సంబంధం లేనివారి మధ్య ఉండదు. ఉస్మానియాను కట్టినవారు తెలుగుకు బాకీ పడ్డారు. తరువాత వచ్చినవారు ఉర్దూకు బాకీ పడ్డారు. తీర్చేవారు లేక ఆ రెండు పద్దులూ అట్లాగే ఉన్నాయి. రెండు భాషల పిల్లలు ఒకే హాజరు పట్టికలో ఉన్న మన వంటి చిన్న కళాశాలలు తలచుకొంటే, ఏడాదికి నాలుగు అనువాదాలతో, నూరు మాటలతో ఆ పద్దులో మొదటి జమ వేయవచ్చును. ఆ పని ఈ విద్యా సంవత్సరంలోనే మొదలు పెట్టవలసినదిగా విద్యార్థులను, కమిటీవారిని కోరుతున్నాను.